నాలుగో వాచీ ఏది: ఇంకో డైవరా, కీ ఇచ్చే వాచీయా?

చెరువుగట్టు (పాలకొల్లు)
అందరికీ నమస్కారమండి. నా దగ్గర మూడు వాచీలున్నాయి. నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా ఒకటి. 2019లో కొన్న ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం రెండోది. మా పెళ్ళయి పదేళ్ళయినప్పుడు కొన్న రోలెక్స్ డేట్‌జస్ట్ 36 మూడోది. నాలుగోదాని కోసం రెండేళ్ళుగా కొంత డబ్బు పక్కన పెడుతున్నాను. పది లక్షలు దాటనని ఇంట్లో మాటిచ్చాను. నాలుగుతో ఆపేస్తానని కూడా చెప్పాను. అందుకే ఇంత ఆలోచిస్తున్నా.

మూడు పేర్ల దగ్గర ఆగిపోయాను. తేదీ లేని రోలెక్స్ సబ్‌మెరైనర్ (నీళ్ళలో మునగడానికి చేసిన డైవర్ వాచీ), జేగర్ లెకూల్త్ర్ రివర్సో (కీ ఇచ్చే పలకల వాచీ), గ్రాండ్ సీకో స్నోఫ్లేక్ (జపాన్ వాచీ). నాది రొయ్యల సాగు. తెల్లారేసరికి గట్టు మీద ఉంటాను. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకోవడం, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలు ఎత్తడం, చేతికి ఎప్పుడూ తడే. సాయంత్రాలు పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు. మా బావమరిది సబ్‌మెరైనర్ తప్ప ఇంకో మాట వినడు. నా మనసు రివర్సో మీద ఉంది. కానీ మన గాలికి, మన చెమటకి అది నిలుస్తుందా అని భయం. వాడినవాళ్ళు, చూసినవాళ్ళు చెప్పండి.

ఉండి కాలువ (భీమవరం)
మీ బావమరిది చెప్పిందే రైటండి. సబ్‌మెరైనర్ 1953 నుంచి ఉంది, ఆ రూపం ఇప్పటికీ పెద్దగా మారలేదు. 300 మీటర్ల లోతు తట్టుకుంటుంది, 70 గంటలు పక్కన పడేసినా ఆగదు. నేను నాలుగేళ్ళుగా చెరువు మీద దాన్నే పెట్టుకుంటున్నా. ఇంటికొచ్చాక పంపు కింద పెట్టి కడిగేస్తాను, అంతే.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెరిగినప్పుడు రొయ్య రైతులం ఎంత టెన్షన్ పడ్డామో మీకు నేను చెప్పక్కర్లేదు. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వస్తే పంట మొత్తం ఒక్క వారంలో పోతుంది. అలాంటి రోజున చేతికున్న వాచీ వారంలో డబ్బవ్వాలి. సబ్‌మెరైనర్ అవుతుంది. రివర్సో అమ్మబోతే కొన్న ధర దరిదాపుల్లోకి కూడా రాదు.

కోనసీమ డాక్టరు (అమలాపురం)
ఉండి కాలువ గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది కానీ ఈ వాదన ఒప్పుకోలేనండి. పంట పోతే అమ్ముకోవాల్సి వస్తుందనుకుంటే ఆ డబ్బుతో వాచీ కొనకూడదు. బంగారం కొనుక్కోవాలి. పాలకొల్లులో రాత్రి ఎనిమిదింటికి కూడా బంగారం డబ్బవుతుంది. సెకండ్‌హ్యాండ్ వాచీల మార్కెట్ 2022 మొదట్లో ఆకాశానికెక్కి ఆ తర్వాత ఎలా దిగిందో అందరం చూశాం. ఆ ఎత్తులో కొన్నవాళ్ళు నాకు తెలుసు.

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మన దగ్గర. పులస తినేది రుచి కోసం, తిరిగి అమ్మడానికి కాదు. వాచీ కూడా నాకు అంతే.

అసలు ప్రశ్న ఏమిటంటే, మీ దగ్గర ఉన్న మూడూ చేయలేని పని ఏమిటి? తడి పనికి సీమాస్టర్ ఉంది. అదీ 300 మీటర్లదే. ఫంక్షన్‌కి డేట్‌జస్ట్ ఉంది. సబ్‌మెరైనర్ వస్తే సీమాస్టర్ బీరువాలోకి పోతుంది. నాలుగు వాచీలుంటాయి, చేతికి మాత్రం రెండే పనిచేస్తాయి.

రాజోలు నుంచి మస్కట్
అనుభవం ఒకటి చెప్తాను. రెండేళ్ళ కిందట సెలవుకి వచ్చినప్పుడు అంతర్వేదిలో సముద్ర స్నానానికి దిగాను. చేతికి 300 మీటర్ల డైవర్ వాచీ. ముందు రోజు పక్కనున్న కీ లాగి టైము సరిచేసుకుని, దాన్ని తిరిగి బిగించడం మర్చిపోయాను. రెండు మునకలు వేసి పైకి వచ్చేసరికి అద్దం లోపల ఆవిరి. మర్నాటికి తేదీ కదలడం మానేసింది. సర్వీసుకి ఇస్తే నాలుగు నెలలు పట్టింది, బిల్లు చూసి మా ఆవిడకి చెప్పడానికి ధైర్యం చాల్లేదు. కాబట్టి మీటర్ల అంకె చూసి నిశ్చింతగా ఉండకండి. బిగించే కీ ఉన్న వాచీ అయితే బిగించాకే అది డైవర్.

గల్ఫ్ నుంచి తెప్పించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. తెచ్చుకోవచ్చు, కానీ బిల్లుతో రండి, ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేసి సుంకం కట్టండి. చేతికి పెట్టుకుని దాటేద్దామనుకుంటే పట్టుబడినప్పుడు వాచీ, పరువు రెండూ పోతాయి. స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా కూటమి దేశాలతో మన వాణిజ్య ఒప్పందం 2024 మార్చిలో కుదిరింది, 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద సుంకం విడతలవారీగా తగ్గుతుంది. అయినా దానికోసం ఏళ్ళ తరబడి ఆగొద్దని నా మాట. కంపెనీలు ఏటా ధర పెంచుతూనే ఉన్నాయి. పది లక్షలు దాటననుకోవడం ఇంకో రకంగా కూడా మంచిదే. 2025 ఏప్రిల్ 22 నుంచి అంతకు మించిన వాచీకి షాపులోనే 1 శాతం టీసీఎస్, అంటే ముందస్తు ఆదాయపు పన్ను, పట్టుకుంటున్నారు. రిటర్నుల్లో సర్దుకోవచ్చు, కానీ అదొక పని.

వాచీ మెకానిక్ (నరసాపురం)
నేను ఖరీదైన వాచీలు కొనేవాణ్ణి కాదండి. బాగుచేసేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా ఒకే బల్ల దగ్గర కూర్చున్నాను. ఈ డెల్టా గాలి వాచీని ఏం చేస్తుందో నాకు తెలుసు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

చెరువు మీద నుంచి వచ్చిన వాచీ వెనక మూత తీస్తే నేను ముందు చూసేది కీ కాడ. అక్కడే తుప్పు మొదలవుతుంది. పసుపూ ఎరుపూ కలిసిన సన్నటి పొడి కాడ చుట్టూ అంటుకుని ఉంటుంది. కుంచెతో తాకితే రాలుతుంది. అంటే కీ దగ్గర రబ్బరు రింగు గట్టిపడిపోయింది, చెమ్మ లోపలికి వెళ్తోందన్నమాట. ఆ రింగు కొత్తగా ఉన్నప్పుడు మెత్తగా, నూనె రాసినట్టు ఉంటుంది. మన ఉప్పు గాలికి, చెమటకి కొన్నేళ్ళలో చిన్న బీటలు పడతాయి. ఎండలో గట్టు మీద తిరిగి వెంటనే ఏసీ కారెక్కితే లోపలి చెమ్మ అద్దానికి ఆవిరై పడుతుంది. ఒకసారి అలా కనిపిస్తే ఆ వారంలోనే చూపించండి. ఎండలో పెడితే ఆరిపోతుందని వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆవిరి కనపడకుండా పోతుంది కానీ తుప్పు ఆగదు.

రివర్సో గురించి అడిగారు. అది పుట్టిందే మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ ఆఫీసర్ల కోసం, 1931లో. ఆటలో బంతి తగిలి అద్దం పగలకుండా వాచీని పక్కకి జరిపి బోర్లా తిప్పేలా చేశారు. అద్దం లోపలికి, స్టీలు పైకి. ఎండలో, దుమ్ములో ఆడే ఆటకి చేసిన వాచీ మన దగ్గర పనికిరాదనడం సరికాదు. కానీ నీళ్ళకి చేసింది మాత్రం కాదు. దాని మీద 30 మీటర్లని ఉంటుంది. దాని అర్థం చేతులు కడుక్కుంటే చిందే చుక్కలకి తట్టుకుంటుందని మాత్రమే. చెక్ ట్రే ఎత్తే చేతికి వద్దు. తిప్పే గాడిలో దుమ్ము, చెమట చేరతాయి. వారానికోసారి మెత్తటి కుంచెతో దులపాలి. తోలు బెల్టు మన వేసవికి ఏడాది కూడా నిలవదు, మడత దగ్గర నల్లబడి వాసన వస్తుంది. ఏటా బెల్టు ఖర్చు లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మీ నాన్నగారి జనతా నడుస్తోందా? మీరు దాని పేరు రాసి వదిలేశారు. అది కీ ఇచ్చే వాచీ, లోపల చక్రాలు అరగకుండా 17 రాళ్ళు ఉన్నది. హెచ్‌ఎంటీ వాళ్ళు జపాన్ కంపెనీ సిటిజెన్ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు. ఆ వాచీల కంపెనీ 2016లో మూతపడింది. ఇక కొత్త స్పేర్లు రావు. పాత వాచీల నుంచి తీసి వేయాల్సిందే. అలా తీసి వేసేవాళ్ళం కూడా తగ్గిపోతున్నాం. మీకు కీ ఇచ్చే వాచీ మీద మనసుంటే, ముందు ఇంట్లో ఉన్నదాన్ని నడిపించండి. పది లక్షల వాచీ కొనడానికి ముందు చేయాల్సిన పని అది.

కాకినాడ తీరం
స్నోఫ్లేక్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను రాస్తాను, నా దగ్గర ఉంది. దాని డయల్‌ని జపాన్ కొండల మీద గాలికి గట్టిపడిన మంచుతో పోలుస్తారు. మనకి మంచు తెలియదు. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు ఆత్రేయపురం పూతరేకే గుర్తొచ్చింది. కుండ మీద నుంచి అప్పుడే తీసిన పొర మీద సన్నటి గీతలు, ముడతలు ఉంటాయి చూడండి, అచ్చం అదే. తెల్లగా ఉంటుంది కానీ కాగితం తెలుపు కాదు. దాని మీద నీలం రంగు సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమని గెంతదు. కాలువలో నీళ్ళలా జారుతూ పోతుంది.

లోపల స్ప్రింగే శక్తినిస్తుంది, వేగాన్ని మాత్రం క్వార్ట్జ్ సర్దుతుంది. సీకో ఈ స్ప్రింగ్ డ్రైవ్‌ని 1999లో తెచ్చింది. సెల్ అక్కర్లేదు. నెలకి 15 సెకన్లకి మించి తేడా రాదని కంపెనీ మాట, నాది అంత కూడా రావడం లేదు. టైటానియం కాబట్టి తేలిక, చెమటకి చేతి మీద దద్దుర్లు రావు. 100 మీటర్లు తట్టుకుంటుంది. చెరువుగట్టు గారి పనికి, ఫంక్షన్‌కి రెంటికీ సరిపోయేది ఈ మూడింట్లో ఇదొక్కటే. బడ్జెట్‌లో డబ్బు కూడా మిగులుతుంది.

ఉండి కాలువ (భీమవరం)
మెకానిక్ గారి మాటలు చదివాక కూడా నా అభిప్రాయం మారలేదండి. ఆయనే అన్నారు రివర్సో తడి చేతికి వద్దని. రోజుకి పన్నెండు గంటలు పెట్టుకోలేని వాచీకి అంత డబ్బు ఎందుకు? అయితే డాక్టరు గారన్న ఒక్క మాట ఒప్పుకుంటున్నా. నాకు సీమాస్టర్ లేదు. ఆయనకి ఉంది. అది నేను ఆలోచించలేదు.

కోనసీమ డాక్టరు (అమలాపురం)
ఆ మాట అన్నందుకు థాంక్సండి. రోజంతా పెట్టుకోకపోతే దండగ అన్నారు కదా, దానికి జవాబు చెప్తాను. నేను కార్టియే ట్యాంక్ పెట్టుకుంటాను. హాస్పిటల్లో కాదు, అక్కడ ఒక మామూలు సెల్ వాచీ. డ్యూటీ అయ్యి చేతులు కడుక్కుని బయటికి వచ్చాక పెట్టుకుంటాను. ఆ రెండు మూడు గంటలు నావి. అంతసేపు పెట్టుకున్నా నాకు అది దండగ అనిపించలేదు.

రివర్సోలో నాకు నచ్చే విషయం ఇంకొకటి. వెనక్కి తిప్పితే నున్నటి స్టీలు, ఏమీ ఉండదు. అక్కడ పేరు చెక్కించుకోవచ్చు. తెలుగు అక్షరాల్లో చెక్కించుకోండి. మన గుండ్రటి అక్షరాలు ఆ పలకల వాచీ మీద ఎంత బాగుంటాయో. సైజు చిన్నది కాబట్టి మీ ఆవిడ కూడా పెట్టుకోగలరు. ఆవిడ్ని అడిగారా అసలు?

రాజోలు నుంచి మస్కట్
రివర్సో అయితే ఒక జాగ్రత్త. ఏరేటర్ మోటార్ల దగ్గర, స్పీకర్ల మీద, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ మీద పెట్టొద్దు. అయస్కాంతం పట్టుకుంటే రోజుకి నిమిషాలకి నిమిషాలు ముందుకి పరిగెడుతుంది. సీమాస్టర్‌కి ఆ బాధ లేదు, 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) వరకు తట్టుకుంటుంది.

వాచీ మెకానిక్ (నరసాపురం)
నిజమేనండి. కానీ అయస్కాంతం తీసేయడం నిమిషం పని, దానికోసం వాచీ మానుకోనక్కర్లేదు. బీరువాలో పెట్టేటప్పుడు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. నీలం రంగు గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చేయండి.

చెరువుగట్టు (పాలకొల్లు)
అందరికీ ధన్యవాదాలండి. నిన్న రాత్రి మొత్తం రెండుసార్లు చదివాను.

మెకానిక్ గారి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. జనతా నడవడం లేదు. నాన్న పోయి ఆరేళ్ళయింది, అప్పటి నుంచి బీరువాలో బట్టల కింద ఉంది. రాత్రి తీసి చూశాను. అద్దం పసుపెక్కింది, పన్నెండు అంకె కింద చిన్న మచ్చ. కీ తిప్పితే నాలుగు చుట్లు తిరిగి గట్టిగా ఆగిపోయింది. నాన్న రోజూ ఆకాశవాణి వార్తలు మొదలయ్యే ముందు వరండాలో నిలబడి దీనికి కీ ఇచ్చేవారు. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి వినేవారు. వార్తల గంటకి ముల్లు సరిచేసేవారు. నాకు కీ వాచీ మీద మనసు ఎందుకు లాగుతోందో ఇన్నాళ్ళూ నాకే తెలియలేదు. డయల్ అందం అనుకున్నాను.

సబ్‌మెరైనర్ పేరు తీసేశాను. ఉండి కాలువ గారూ, మీ వాచీ మంచిది కాదని కాదు. ఆ పని నా సీమాస్టర్ చేస్తోంది. స్నోఫ్లేక్ ఇంకా తీసేయలేదు. పూతరేకు అన్నాక ఫోటోలు చూస్తుంటే వేరేలా కనపడుతోంది. మా ఆవిడ్ని అడిగాను. రివర్సో ఫోటో చూసి, "ఇది నా చేతికి కూడా పడుతుందిగా" అంది. వచ్చే శనివారం హైదరాబాద్ వెళ్ళి రెండూ ఇద్దరం పెట్టుకుని చూస్తాం. ఇప్పుడే కొనను. 2015 పుష్కరాలకి నాన్నతో కలిసి గోదావరిలో మునిగాను, చివరిసారి అదే. 2027 పుష్కరాలకి ముందు కొంటే చాలు.

మెకానిక్ గారూ, రేపు పొద్దున మేతలు వేయించి పది గంటలకల్లా నరసాపురం వస్తాను. జనతా తెస్తున్నాను. షాపు ఎక్కడో చెప్పండి.

వాచీ మెకానిక్ (నరసాపురం)
విడిగా మెసేజ్ పెట్టాను చూసుకోండి. ఈలోపు కీ మాత్రం ఇంకోసారి తిప్పొద్దు. స్ప్రింగ్ తెగితే దొరకడం కష్టం.