సావిన్ రాత్రి కొండ మీద: మొదటిసారి వెళ్తున్నాను, సలహా కావాలి

నమస్కారం అండీ. మాది కరీంనగర్ దగ్గర పల్లె, ఇప్పుడు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉంటున్నాను. ఆఫీసులో నాతో పనిచేసే ఒకావిడ పేగన్. అంటే క్రైస్తవం రాకముందున్న ప్రకృతి ఆరాధనను ఈ కాలానికి తగ్గట్టు మళ్లీ అల్లుకున్న మార్గం. దెయ్యాల పూజ అనుకుని అమ్మ ఫోన్లోనే కంగారు పడింది, అది వేరే కథ.

అక్టోబర్ 31న వాళ్ల సావిన్ పండగ. కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే వేళ. పోయినవాళ్లను తలుచుకుని వాళ్లకూ ఒక పళ్లెం వడ్డిస్తారట. వినగానే పెత్రమాసకు పెద్దల పేరున బియ్యం ఇచ్చే మా నాయనమ్మ గుర్తొచ్చింది. వస్తానని చెప్పేశాను.

చిక్కేమిటంటే, వీళ్లు రాత్రంతా కొండల్లో టెంట్లలోనే ఉంటారు. 2003 నాటి చట్టం వల్ల స్కాట్లండ్‌లో చాలాచోట్ల అలా ఉండొచ్చు. ఎవరి సామాను వాళ్లే మోయాలి, ఎవరి పొయ్యి వాళ్లే రాజేసుకోవాలి. సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, పైగా వాన. మొన్న పెరట్లో ప్రయత్నిస్తే తడి బర్చ్ చెట్టు బెరడు అంటుకుంది గానీ, పుల్లలు పొగ తప్ప మంట ఇవ్వలేదు.

తడి కట్టెను చీల్చి లోపలి పొడి భాగం తీయడానికి చిన్న కత్తి సరిపోతుందా? చలి సున్నాకి దిగితే ఎలాంటి స్లీపింగ్ బ్యాగ్ కావాలి? ఇంకొకటి, అసలు టెన్షన్ ఇదే: నాయనమ్మ పేరున నాలుగు గారెలు ఆ పళ్లెంలో పెట్టొచ్చా, లేక వాళ్ల పద్ధతిలో వేలుపెట్టినట్టు అవుతుందా? ఆఫీసు ఆవిడనే అడగొచ్చు, కానీ మొహమాటానికి సరే అంటుందేమోనని మీ ముందు పెట్టాను.