చర్చ: ఛాంపియన్‌షిప్ మేనేజర్ 01/02లో మూడో డివిజన్ జట్టుతో తొలి సీజన్ గడిపేదెలా?

తార్నాక:
ఈడోస్ సంస్థ 2008లో ఉచితంగా విడుదల చేసినప్పటి నుంచి నా కంప్యూటర్లు మారాయి గాని, ఫుట్‌బాల్ క్లబ్బును మేనేజరుగా నడిపే ఈ ఆట మాత్రం ప్రతిదానిలోనూ చోటు సంపాదించుకుంటూ వస్తోంది. ఇన్నాళ్లూ పెద్ద జట్లతోనే ఆడాను. ఈసారి ఆటకు 3.9.68 ప్యాచ్ (లోపాలు సరిచేసే సవరణ) వేసుకొని, ఇంగ్లండ్ మూడో డివిజన్‌లోని (అప్పట్లో పై నుంచి నాలుగో అంచె) హాలిఫాక్స్ టౌన్ బాధ్యత తీసుకున్నాను. చేతిలో డబ్బు లేదు, బోర్డు కోరేది డివిజన్‌లో నిలబడటమే. ఎవరిని కొనాలో చెప్పే జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇలాంటి జట్టును ఆగస్టు నుంచి మే దాకా ఎలా నడిపారో చెప్పగలిగినవారు మన హైదరాబాద్‌లో ఉంటే ఇక్కడ రాయగలరు.

మలక్‌పేట:
తార్నాక గారూ, మీరు ఎంచుకున్నది 2001-02లో నిజంగానే అట్టడుగున నిలిచి, దాని కింది లీగ్ అయిన కాన్ఫరెన్స్‌కు జారిపోయిన జట్టు. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే, ఆ ఏడాది మూడో డివిజన్ నుంచి కిందికి పోయేది ఒక్క జట్టే కాబట్టి, 24 జట్లలో 23వ స్థానం వచ్చినా మీరు గట్టెక్కినట్టే. పైన మొదటి మూడు జట్లు నేరుగా రెండో డివిజన్‌కు వెళ్తాయి. నాలుగు నుంచి ఏడు వరకు ఉన్నవి మిగిలిన ఒక్క చోటు కోసం ప్లే ఆఫ్ ఆడతాయి. ఇంత సందు ఉన్న డివిజన్ మరొకటి లేదు.

ఇలాంటి జట్టును చేపట్టగానే నేను తెరిచేది జీతాల పట్టిక. టికెట్ల డబ్బు సొంత మైదానంలో ఆడిన రోజునే వస్తుంది గాని, జీతాలు మాత్రం మ్యాచ్ ఉన్నా లేకపోయినా వారం వారం పోతూనే ఉంటాయి. అందుచేత ముప్పై దాటి, పెద్ద జీతం తీసుకుంటూ, బెంచీ మీదే కూర్చునే ఆటగాళ్లను మొదట సాగనంపుతాను. వారి స్థానంలో, వేసవిలో తమ క్లబ్బులు వదిలేయగా ఇంకా ఎక్కడా కుదురుకోని వారిని వెతుకుతాను. ఆగస్టు మొదట్లో గట్టిగా బేరమాడినవాడు సెప్టెంబరు నాటికి మెత్తబడటం నా ఆటల్లో తరచుగా చూశాను. మిగిలిన ఖాళీలను పెద్ద క్లబ్బుల రిజర్వు జట్లలోని కుర్రాళ్లను లోన్‌పై (కొంతకాలానికి అరువుగా) తెచ్చుకొని నింపవచ్చు.

ఇక లీగ్‌లోనే 46 మ్యాచ్‌లు ఉంటాయి. కప్పు మ్యాచ్‌లు వేరు. డిసెంబరు నుంచి శనివారం ఒకటి, మంగళవారం ఒకటి వచ్చి పడుతుంటే, ఆటగాడి కండిషన్ శాతం పూర్తిగా కోలుకోకముందే అతన్ని మళ్లీ దించవలసి వస్తుంది. స్టామినా (ఇరవైకి) పదికి లోపు ఉన్న మిడ్‌ఫీల్డర్ ఎంత నైపుణ్యం కలవాడైనా నేను తీసుకోకపోవడానికి కారణం ఇదే. ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్పును మాత్రం తేలికగా వదలకండి. మన స్థాయి జట్లు మొదటి రౌండ్‌లోనే ప్రవేశిస్తాయి, ప్రీమియర్ లీగ్ జట్లు మూడో రౌండ్‌లో వస్తాయి. జనవరిలో ఒక పెద్ద జట్టు మైదానంలో ఆడే అవకాశం వస్తే, టికెట్ల రాబడిలో మన వాటా కొన్ని నెలల జీతాలకు సరిపోతుంది. డ్రా చేసి, అప్పటి నియమం ప్రకారం మన సొంత మైదానంలో మళ్లీ ఆడగలిగితే చెప్పనే అక్కర్లేదు.

బోయిన్‌పల్లి:
జీతాల సంగతి సరే గాని, వ్యూహాన్ని మలక్‌పేట గారు పూర్తిగా పక్కన పెట్టేశారు. బంతి మన దగ్గర ఉన్నప్పుడు ఎవరెక్కడ ఉండాలి, లేనప్పుడు ఎవరెక్కడికి తగ్గాలి అన్నది విడివిడిగా అమర్చే తెర ఈ ఆటకు ప్రాణం. మ్యాచ్‌ను కళ్లకు చూపే బొమ్మలు 2003లో తర్వాతి ఆటతో గాని రాలేదు. ఇక్కడ మనకున్నది వ్యాఖ్యానపు వాక్యాలు, చివర్లో వచ్చే రేటింగులు మాత్రమే. మూడో డివిజన్ డిఫెండర్లలో వేగం ఉన్నవారు అరుదు కాబట్టి, ఇద్దరు చురుకైన స్ట్రైకర్లను ముందు నిలిపి, వెనక నుంచి నేరుగా పొడవాటి బంతులు పంపించే పద్ధతి నాకు ఎప్పుడూ ఫలించింది. 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టును సెమీఫైనల్ దాకా తీసుకెళ్లిన కోచ్ రహీం సాబ్ ఊరివాళ్లమై ఉండి పొడవాటి బంతులా అని మా అన్నయ్య వెక్కిరిస్తుంటాడు, కాని పాస్‌లు అందుకోగల ఆటగాళ్లు దొరికే డివిజన్ అయితే కదా!

తార్నాక:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరో సందేహం. మన దేశపు ఆటగాళ్లను తెచ్చుకోవడం కుదురుతుందా?

సఫిల్‌గూడ:
ఆశ పెట్టుకోకండి. యూరోపియన్ యూనియన్ బయటివారికి ఆ రోజుల వర్క్ పర్మిట్ నియమం కఠినంగా ఉండేది: ఆటగాడి దేశం ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో ఉండాలి, ముందటి రెండేళ్లలో ఆ జట్టు ఆడిన పోటీ మ్యాచ్‌లలో అతను 75 శాతం ఆడి ఉండాలి. నిజ జీవితంలో బైచుంగ్ భూటియా 1999లో బరీ క్లబ్బులో చేరి 2002 దాకా ఉన్నాడు గాని, అది చాలా అరుదైన సందర్భం. మీ బడ్జెట్‌కు ఆస్ట్రేలియా, అమెరికా ఆటగాళ్ల కోసం వెతకడం కూడా వృథా శ్రమే. నార్వే, స్వీడన్ లీగ్‌లు చూడండి. అక్కడ సీజన్ శరదృతువులో ముగుస్తుంది కాబట్టి, కాంట్రాక్టులు తీరబోయే మంచి ఆటగాళ్లు సరిగ్గా మనకు అవసరమైన శీతాకాలంలోనే కనిపిస్తారు. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా, యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో ఉన్నందున నార్వేజియన్లకు ఆ రోజుల్లో వర్క్ పర్మిట్ అక్కర్లేదు.

మలక్‌పేట:
సఫిల్‌గూడ గారి మాటకు ఒకటి చేర్చాలి. ఆ సీజన్‌లో ఆటగాళ్లను చేర్చుకునే గడువు మార్చి చివర్లో ముగుస్తుంది గనుక లోన్ కుర్రాళ్లలో ఎవరిని ఉంచుకోవాలో అంతకుముందే తేల్చుకోండి. కాంట్రాక్టులు కూడా అప్పుడే చూసుకోవాలి. 24 ఏళ్లు నిండినవాడు కాంట్రాక్టు తీరగానే పైసా ఇవ్వకుండా వెళ్లిపోగలడు. అంతకన్నా చిన్నవాడికి కొత్త కాంట్రాక్టు ఇవ్వజూపితే, అతను కాదని వెళ్లినా క్లబ్బు పరిహారం కోరవచ్చు. కాబట్టి ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లలో కాస్త వేగం ఉన్న ప్రతివాడికీ ఫిబ్రవరిలోనే ఒక కాగితం పంపించండి.