"కోత లేని ఆపరేషన్" అనొచ్చా?

చిత్తూరు నుంచి ఒక ప్రశ్న. మా నాయనకు గజ్జలో హెర్నియా అని తేలింది. తిరుపతిలో చూపిస్తే "కోత లేని ఆపరేషన్" చేస్తామన్నారు. "కోత లేకుండా లోపలికి ఎట్లా పోతార్రా?" అని నాయన అడిగితే చెప్పేదానికి నాకు మాట దొరకలేదు. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు పంపి చేసే ఈ కీహోల్ సర్జరీకి సరైన తెలుగు మాట ఏది? మా ఊళ్లో హెర్నియాను కూడా వరిబీజం అనే అంటారు, అది సరేనా?

జవాబు:
వరిబీజం వేరు అన్నా. అది బీజం చుట్టూ నీరు చేరడం, డాక్టర్లు హైడ్రోసీల్ అంటారు. హెర్నియాలో పొట్ట గోడ పలచబడిన చోటు నుంచి లోపలి పొర, దాంతోపాటు కొవ్వో పేగో బయటికి తోసుకొస్తుంది. సుశ్రుతుడే వీటిని మూత్రవృద్ధి, అంత్రవృద్ధి అని విడదీశాడు. వాపు బీజాల సంచిలోకి దిగితే పైకి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఊళ్లో ఒకే పేరు నిలిచిపోయింది. కానీ హెర్నియాలో పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. "వరిబీజమేలే" అని ఊరుకోకూడదు.

ఇక "కోత లేని" అన్న మాట నాకు అస్సలు నచ్చదు. కోత ఉంటుంది. మామూలుగా బొడ్డు దగ్గర సుమారు 10 మిల్లీమీటర్లది ఒకటి, 5 మిల్లీమీటర్లవి రెండు. వీటికి "గాట్లు" అనే మంచి మాట మనకుంది. "మూడు గాట్ల ఆపరేషన్" అంటే నాయనకు వెంటనే అర్థమవుతుంది. పైన గాటు చిన్నదే, లోపల పని చిన్నది కాదు. మామూలుగా పూర్తి మత్తు ఇస్తారు. పొట్ట లోపలి పొరను కండరం నుంచి వెడల్పుగా విడదీసి, ఆ రెండింటి మధ్య దాదాపు 10 × 15 సెంటీమీటర్ల జాలీ (మెష్) పరుస్తారు. ఏ ఒత్తిడి పేగును బయటికి తోసిందో, అదే ఒత్తిడి జాలీని గోడకు అదిమి పెడుతుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే.

జాలీ అంత పెద్దది ఎందుకంటే గజ్జలో హెర్నియా వచ్చే దారులు మూడు. పొట్ట గోడలో పైకి పోయే ఎపిగాస్ట్రిక్ రక్తనాళాలకు బయటివైపు (తుంటి వైపు) నుంచి వస్తే ఇన్‌డైరెక్ట్, లోపలివైపు (ఒంటి నడిమి వైపు) నుంచి వస్తే డైరెక్ట్, ఇంకా కిందగా తొడవైపు దిగితే ఫెమొరల్. గోడ వెనక నుంచి, అంటే పొట్ట లోపలి వైపు నుంచి చూస్తే మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఫ్రూషో అనే ఫ్రెంచి సర్జన్ 1956లో ఈ మూడింటినీ కలిపి ఒకే ద్వారంగా వర్ణించాడు. మొత్తం ద్వారాన్ని కప్పేదానికే ఆ కొలత.

ఇంకొకరి ప్రశ్న: ఈ కీహోల్ హెర్నియా ఆపరేషన్‌లోనే ట్యాప్, టెప్ అని రెండు పద్ధతుల పేర్లు విన్నాను. తేడా ఏంది? "ట్రయాంగిల్ ఆఫ్ డూమ్"ను "మృత్యు త్రికోణం" అనొచ్చా?

జవాబు:
ట్యాప్‌లో పొట్టలోకి వెళ్లి, పొరను లోపలి నుంచి తెరిచి, జాలీ పెట్టాక మళ్లీ మూసేస్తారు. టెప్‌లో పొట్టలోకే పోరు, పొర బయటనే పని. జాలీ చేరే చోటు మాత్రం రెండింటిలోనూ ఒకటే.

"మృత్యు" కంటే "గండ త్రికోణం" బాగుంటుందక్కా. తప్పించుకోవాల్సిన ప్రమాదాన్నే కదా మనం గండం అంటాం. వీర్యనాళానికీ బీజానికి పోయే రక్తనాళాలకీ మధ్య ఉండే చోటు అది. దాని కిందనే కాలికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు ఉంటాయి. పక్కనే, బయటివైపు, "నొప్పి త్రికోణం". తొడకు పోయే నరాలు అక్కడున్నాయి, జాలీని బిగించే పిన్ను వాటిమీద పడితే నొప్పి ఏళ్ల తరబడి వదలకపోవచ్చు. అందుకే జాలీకి పిన్నులు కొట్టినా ఈ రెండు చోట్లా కొట్టరు.