బాలగోపాల్ 1998లో పౌరహక్కుల సంఘాన్ని వీడడం సరైన నిర్ణయమేనా?

ఓరుగల్లు పాఠకుడు:
కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, 1983 నుంచి ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా పనిచేసి, తరువాత హైకోర్టు న్యాయవాది అయిన కె. బాలగోపాల్ 1998లో ఆ సంఘాన్ని వీడి, సహచరులతో కలిసి మానవ హక్కుల వేదికను స్థాపించారు. రాజ్యహింసను నిలదీసే సంస్థ నక్సలైట్ల హింసను కూడా అంతే నిక్కచ్చిగా ప్రశ్నించాలన్నది ఆయన వాదన. ఆ నిర్ణయం హక్కుల ఉద్యమాన్ని బలహీనపరిచిందని నా అభిప్రాయం. ఎన్‌కౌంటర్ జరిగితే చంపినవారే ఫిర్యాదు రాసి, చనిపోయినవారినే ముద్దాయిలుగా చూపుతారు. నక్సలైట్ల దళం చంపితే కేసు పెట్టడానికి ఠాణా ఉంది, శిక్షించడానికి కోర్టు ఉంది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం ఎవరికి మేలు చేసింది?

మన్యం వాసి:
ఠాణా ఉందన్నారు కనుక చెబుతున్నాను. మా మేనమామపై పోలీసు ఇన్ఫార్మర్ అన్న ముద్ర వేసి, రచ్చబండ దగ్గర ఊరంతా చూస్తుండగా దళంవారు చంపారు. పోలీసులు పంచనామా రాసుకొని వెళ్లారు. సాక్ష్యం చెప్పడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఆ తరువాత పక్క ఊరి ఎన్‌కౌంటర్‌పై నిజనిర్ధారణకు వచ్చిన బృందం మా గుమ్మం ముందు నుంచే వెళ్లింది గాని, మా అత్తయ్యను పలకరించలేదు.

చట్టం చదువరి:
మీరిద్దరూ సంఘం గురించే మాట్లాడుతున్నారు. 1983లో బాలగోపాల్ అధ్యాపకుడు. న్యాయవాదిగా ఆయన జీవితం చివరి దశాబ్దానికి చెందినది. దానిని కోర్టు ఆవరణలోనే అంచనా వేయాలి. పోలీసు కాల్పుల్లో మనిషి మరణిస్తే కేసు నమోదు చేయాలనీ, ఆత్మరక్షణ అన్న వాదనను విచారణలోనే రుజువు చేసుకోవాలనీ 2009 ఫిబ్రవరిలో హైకోర్టులోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కొద్ది వారాలకే సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. ఈ విషయంలో సంఘమూ, వేదికా ఒకే పక్షాన నిలిచాయి.

కృష్ణాతీరం:
అదే నిజమైతే విడిపోవలసిన అవసరం ఏమి వచ్చింది?

ఓరుగల్లు పాఠకుడు:
1985 సెప్టెంబరు 3న, నక్సలైట్లు చంపిన ఒక ఎస్సై అంతిమయాత్రలో ఉన్న పోలీసులు, సంఘం ఉపాధ్యక్షుడూ పిల్లల వైద్యుడూ అయిన రామనాథం గారిని వరంగల్‌లోని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. సంఘం నాయకులే అయిన పురుషోత్తం 2000లో, ఆజం అలీ 2001లో హత్యకు గురయ్యారు. మన్యం వాసి గారూ, వీరంతా దళాలకు వంతపాడినవారేనా?

మన్యం వాసి:
నేను అనని మాటను నాకు అంటగట్టకండి. రామనాథం గారిని చంపినవారిని ఎంత తీవ్రంగా ఖండించినా నాకు తక్కువే. ముందు రోజు చనిపోయిన ఆ ఎస్సై కుటుంబం గురించి కూడా ఎవరో ఒకరు మాట్లాడి ఉండవలసిందని మాత్రమే అంటున్నాను.

ఓరుగల్లు పాఠకుడు:
మన అసలు తేడా ఇక్కడే ఉంది. రాజ్యాంగంపై ప్రమాణం చేసిన ప్రభుత్వాన్ని పౌరుడు నిలదీసి అడగగలిగినదే నా దృష్టిలో హక్కు. ఆ ప్రమాణం చేయనివారిని రాజకీయంగా విమర్శిస్తాను గాని, హక్కుల పేరుతో వారిని ఏమని అడగను?

మన్యం వాసి:
మా ఊళ్లో భూతగాదాలు తీర్చినదీ, జరిమానాలు వేసినదీ, మరణశిక్ష అమలు చేసినదీ దళమే. ప్రమాణం చేయలేదు కనుక, మా మీద అధికారం చెలాయించినవారు మాకు జవాబు చెప్పనక్కరలేదా? బాలగోపాల్ గారు సంఘంలో ఉండగానే లేవనెత్తిన ప్రశ్న ఇది. ముందు దీనికి సమాధానం చెప్పండి, ఉద్యమం బలహీనపడిన సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.