అంబత్తూర్ నుంచి శ్రీసిటీకి షెడ్డు మారిస్తే ఏం పోగొట్టుకుంటాం?

పిన్ను_షాఫ్టు:
నమస్కారమండీ. చెన్నై అంబత్తూర్ ఎస్టేట్‌లో అద్దె షెడ్డు. నాలుగు సీఎన్‌సీ టర్నింగ్ మెషీన్లు, ఒక సిలిండ్రికల్ గ్రైండర్. 20ఎంఎన్‌సీఆర్5 అనే స్టీలుతో పిన్నులు చేసి శ్రీపెరంబదూర్‌లో ఒక టైర్-1కి (వాహన కంపెనీకి నేరుగా సరఫరా చేసేవాళ్లకి) ఇస్తాం. కేస్ హార్డెనింగ్ (ఫర్నేస్‌లో పెట్టి పైపొరను, అంటే కేస్‌ను, గట్టిపరచడం), జింక్ ప్లేటింగ్ బయట చేయిస్తాం. అద్దె మోయలేక ఆంధ్రలో తడ దగ్గరున్న శ్రీసిటీ వైపు చూస్తున్నాం. ఫ్యాక్టరీకి చెన్నై మంచి చోటని అందరూ అంటారు గానీ, మాలాంటి చిన్న యూనిట్‌కి ఆ మంచి ఎక్కడుందో విడమరిచి చెప్పగలరా?

డయల్_గేజ్:
అద్దె పక్కన పెట్టి, మీ పిన్ను ఎన్ని గుమ్మాలెక్కి దిగుతుందో ముందు కాగితం మీద రాసుకోండి. టర్నింగ్, కేస్ హార్డెనింగ్, గ్రైండింగ్, ప్లేటింగ్, బేకింగ్ (ప్లేటింగ్ తర్వాత ఓవెన్‌లో వేడిచేయడం). ఇందులో మీ షెడ్డులో జరిగేవి రెండే. మిగతావన్నీ అంబత్తూర్ చుట్టుపక్కలే దొరుకుతున్నాయంటే అది ఊరికే కుదిరింది కాదు. పెరంబూర్‌లో 1955 నుంచి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్, ఎన్నూర్‌లో లేలాండ్, పాడిలో టీవీఎస్ కంపెనీలు, ఆవడిలో ట్యాంకుల ఫ్యాక్టరీ ఉన్నాయి. 90ల్లో కార్ల కంపెనీలు దిగేసరికి వీటిని నమ్ముకున్న చిన్న షాపులు అప్పటికే పాతుకుపోయాయి.

దగ్గరుంటే ఏమొస్తుందంటే: కేస్ హార్డెనింగ్‌లో పిన్ను వంగుతుంది. డయామీటర్ మీద గ్రైండింగ్ అలవెన్స్ (గ్రైండింగ్‌లో తీయడానికి వదిలే మందం) 0.3 మి.మీ. ఇచ్చారనుకోండి, పక్కకు 0.15 అన్నమాట. డయల్ రనౌట్ (పిన్ను తిప్పితే డయల్ సూది ఊగే మొత్తం) 0.3 దాటితే ఒక పక్క వీల్ తగలక నల్లమచ్చ మిగులుతుంది, ఎదుటి పక్క కేస్ అరిగిపోతుంది. మొదటి ఛార్జ్ (ఫర్నేస్‌లో ఒకసారి పెట్టే లోడు) దిగగానే ఐదు పిన్నులు సెంటర్ల మధ్య తిప్పి చూస్తే రెండో ఛార్జ్ ఆపొచ్చు. ఫర్నేస్ ఊరవతల ఉంటే మీకు కబురందేసరికి లాట్ మొత్తం అయిపోయుంటుంది.

ప్లేటింగ్‌లో మరీ జాగ్రత్త. పికిలింగ్‌లోనూ (ఆమ్లంతో కడగడం) ప్లేటింగ్ బాత్‌లోనూ గట్టిపడిన స్టీలులోకి హైడ్రోజన్ దిగుతుంది. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు 190–220 డిగ్రీల ఓవెన్‌లో పడాలి, పాసివేషన్ (జింక్ మీద రక్షణ పూత) ఆ తర్వాతే. ఆలస్యమైన పిన్ను ఇన్‌స్పెక్షన్‌లో బాగానే ఉంటుంది, బిగించాక పగులుతుంది. కాబట్టి ఓవెన్ లేని ప్లేటర్ చౌకగా చేస్తానన్నా వద్దు.

చలాన్_బుక్కు:
పై మాటకు తోడు కాగితాల గొడవొకటి. తడ దాటితే రాష్ట్రం మారుతుంది. జాబ్‌వర్క్‌కి (మన సరుకు మీద బయట చేయించే పని) వేరే రాష్ట్రానికి పంపే సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తప్పదు. ఒక్క బిన్ను పంపినా అంతే. డెలివరీ చలాన్ మామూలే, సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి, జాబ్‌వర్క్ లెక్క చూపే జీఎస్‌టీ ఫారం ఐటీసీ-04లో చూపించాలి. చాలామంది వాడుకోని వెసులుబాటు ఒకటుంది: ప్లేటర్‌కి జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే అక్కణ్నుంచే సరుకు నేరుగా కస్టమర్‌కి పంపొచ్చు, ఇన్‌వాయిస్ మీరు వేస్తే చాలు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ చోటును మీ అదనపు వ్యాపార స్థలంగా చూపించాలి. ఫర్నేస్ నుంచి ప్లేటర్‌కి కూడా మధ్యలో మీ షెడ్డుకి రాకుండా వెళ్లొచ్చు. కానీ మీ గ్రైండింగ్ మధ్యలో ఉందే, అక్కడే చిక్కు.

పిన్ను_షాఫ్టు:
అయితే టర్నింగ్ శ్రీసిటీలో, గ్రైండర్ ఒక్కటీ అంబత్తూర్‌లో ఉంచితే?

డయల్_గేజ్:
పనికొచ్చే ఆలోచనే. సాఫ్ట్ టర్నింగ్ ఎక్కడ చేసినా ఒకటే, హార్డెనింగ్ తర్వాత జరిగేదంతా ఒకే చోట ఉంటే చాలు. ఒక్కటి చూసుకోండి, కూలెంట్ తడి మీదే లారీ ఎక్కిస్తే ఈ ఉప్పుగాలికి తెల్లారేసరికి తుప్పు పడుతుంది. కడిగి, ఆరబెట్టి, రస్ట్ ప్రివెంటివ్ ఆయిల్‌లో ముంచి, వీసీఐ కవరులో (తుప్పు పట్టనివ్వని ఆవిరి వదిలే కవరు) కట్టాలి. ఫర్నేస్‌లో పెట్టేముందు ఆ ఆయిల్ మళ్లీ కడగాలి, లేకపోతే కేస్ మచ్చలు మచ్చలుగా పడుతుంది.

రెడ్‌హిల్స్_లోడు:
అంబత్తూర్‌లో గ్రైండర్ ఉంచేట్టయితే షెడ్డు ఎత్తు చూడండి. 2023 డిసెంబర్ మిచౌంగ్ తుఫానుకి ఎస్టేట్‌లో నీళ్లు నిలిచాయి. ముందు దెబ్బతినేవి స్పిండిల్ మోటారు, కింద పెట్టిన కంట్రోల్ ప్యానెల్. అద్దె మాట్లాడేముందు గోడ మీద నీటి గీత ఎక్కడిదాకా ఉందో వెతకండి, కొత్తగా సున్నం కొట్టిన గోడైతే పక్క షెడ్డువాళ్లని అడగండి. ఇక శ్రీసిటీ నుంచి శ్రీపెరంబదూర్‌కి నేరుగా వెళ్లే లోడును సిటీలోకి తేకండి. పగలు లారీలకి ఆంక్షలుంటాయి, మీంజూర్–వండలూర్ ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకోండి.