ఎమిటర్ కెపాసిటర్ పెట్టగానే సైన్ వేవ్ ఆకారం చెడుతోంది, ఎందుకు?

బీసీ547 ట్రాన్సిస్టర్‌తో కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్ (బేస్‌లో సిగ్నల్ ఇచ్చి కలెక్టర్ నుంచి తీసుకునేది) కట్టాను. సప్లై 12 వోల్టులు. బేస్ వోల్టేజీని నిర్ణయించే డివైడర్‌లో పై రెసిస్టర్ 47 కిలో ఓమ్‌లు, కిందిది 10 కిలో ఓమ్‌లు. కలెక్టర్‌లో 4.7 కిలో ఓమ్‌లు, ఎమిటర్‌లో 1 కిలో ఓమ్. డీసీ కొలతలు లెక్కకు సరిపోయాయి: ఎమిటర్ 1.4 వోల్టులు, కలెక్టర్ 5.4.

1 కిలోహెర్ట్జ్ దగ్గర 10 మిల్లీవోల్టుల పీక్ ఇస్తే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరిగిందో) 4.6, వేవ్ శుభ్రంగా ఉంది. ఎమిటర్ రెసిస్టర్‌కు సమాంతరంగా 100 మైక్రోఫారడ్‌లు పెట్టగానే అవుట్‌పుట్ వోల్టుల్లోకి వెళ్తోంది, కానీ స్కోప్‌లో పై సగం చదునుగా, కింది సగం కోసుగా కనిపిస్తోంది. కలెక్టర్ వోల్టేజీ శాచురేషన్ (ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుని, ఇక దిగలేని స్థితి) దాకా దిగడం లేదు, కాబట్టి బయాస్ (సిగ్నల్ లేనప్పటి డీసీ అమరిక) తప్పనిపించడం లేదు.

ఈ ఇన్‌పుట్టే ఎక్కువా? ఎమిటర్‌లోని 1 కిలో ఓమ్‌లో 100 ఓమ్‌ల భాగానికి కెపాసిటర్ లేకుండా వదిలేస్తే గెయిన్ దాదాపు 40కి పడిపోతుంది. వేరే దారి ఉందా? పరిష్కారం కన్నా కారణం తెలియడం నాకు ముఖ్యం, దయచేసి వివరంగా చెప్పండి.