కొబ్బరితోటలో గడ్డి కోతకు ఏ ఇంజను నమ్మొచ్చు?

అంబాజీపేట దగ్గర మాకు ఎకరంన్నర కొబ్బరితోట ఉందండీ. వానలు పడ్డాయంటే చెట్ల మధ్య గడ్డి మోకాళ్ల దాకా లేస్తుంది, పంటబోదె గట్టు సంగతి చెప్పక్కర్లేదు. కూలీలు దొరక్క మూడేళ్ల కిందట భుజానికి తగిలించుకునే టూ స్ట్రోక్ గడ్డికోత మిషను కొన్నాను. మొదటేడు బాగానే కోసింది. ఆ తర్వాత తాడు లాగి లాగి నా రెక్క పడిపోవడమే గానీ అది పలకదు. మెకానిక్ కార్బ్యురేటర్ విప్పితే లోపలంతా జిగురు. ఆయిల్ కలిపిన పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో వదిలేశాను, తప్పు నాదే. పైగా ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. అది తేమ పీలుస్తుంది, మా కోనసీమ గాలిలో తేమకేం కరువా!

ఈసారి ఫోర్ స్ట్రోక్ తీసుకుందామని ఉంది. హోండా జీఎక్స్35 లాంటిది, 35.8 సీసీ, పెట్రోల్లో ఆయిల్ కలిపే గొడవ లేదు. ఎటు వాల్చినా నడుస్తుందంటారు. గట్టు ఏటవాలులో రోజూ రెండు మూడు గంటలు కోసినవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి. బరువుకి నడుం నిలుస్తుందా? అమలాపురం, రావులపాలెం వైపు ఏ ఇంజనుకి సామాన్లు తేలిగ్గా దొరుకుతాయి? కార్బ్యురేటర్లో ఉండే డయాఫ్రమ్ అనే చిన్న పల్చటి పొర ముక్క కోసం సీజనంతా పోగొట్టుకోవడం ఇక నావల్ల కాదండీ.